రేకు ఎవరి ఆజ్ఞతో ఊగింది?

కార్యాలయ పద్ధతుల శిక్షణ కేంద్రం విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఓ గుట్ట మీద ఉంది. ఫైలు ఎలా కట్టాలి, ఎలా విప్పాలి, విప్పకుండా ఎన్నాళ్ళు ఉంచవచ్చు అనే విద్యలు అక్కడ ప్రభుత్వోద్యోగులకు నేర్పుతారు. గోడ గడియారం ఆగిపోయినా సరే, ఉత్తర్వు వచ్చేదాకా అక్కడ ఆగినట్టు లెక్క కాదు. అంత పద్ధతైన చోట పద్ధతి తెలియనిది ఒక్కటే ఉండేది. అది గాలి. ఆ గాలిని కనిపెట్టుకుని ఉండే పని, పాపం, అసిస్టెంట్ ఇంజనీరు పరదేశినాయుడి నెత్తిన పడింది.

సంగతేమిటంటే, కింద అంతస్తులో నూకాలమ్మ కాంటీను ఉంది. ఆ వంటింటి పొగ పోవడానికి గోడ వెంబడి డాబా దాకా పెద్ద రేకు గొట్టం ఉంది. భవనం కట్టిన మహానుభావుడెవరో, మళ్ళీ ఇంకో గొట్టం ఎందుకులే అనుకుని, పై అంతస్తులో డైరెక్టరుగారి బాత్‌రూం ఎగ్జాస్టు ఫ్యాను గొట్టాన్ని కూడా తెచ్చి అందులోనే కలిపేశాడు. పొద్దున్నంతా అంతా సవ్యంగానే ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే మాత్రం, డాబా మీంచి గొట్టంలోకి దూరి కిందికి తోస్తుంది. పైకి పోవలసిన పొగ దారి మళ్ళి, బాత్‌రూం గుండా సరాసరి డైరెక్టరు సర్వోత్తమరావుగారి ఛాంబర్లోకి వచ్చి కూర్చుంటుంది. అదేమైనా అల్లాటప్పా పొగా? నూకాలమ్మ పులిహోర పోపులో ఎండుమిరపకాయలు వేగిన పొగ!

ఒకరోజు సర్వోత్తమరావుగారు కొత్త బ్యాచికి 'ఉద్యోగి - నిగ్రహం' అనే అంశం మీద ప్రసంగం రాసుకుంటున్నారు. 'నిగ్రహం' దగ్గర మొదటి తుమ్ము వచ్చింది. ఆ తర్వాత తుమ్ము మీద తుమ్ము వచ్చి కళ్ళజోడు ఎగిరి సిరాబుడ్డిలో పడింది. వెంటనే పరదేశికి కబురు వెళ్ళింది.

"నాయుడూ, ఇది ఏమి?" అన్నారు డైరెక్టరుగారు, ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంటూ.

"గాలి వెనక్కి తంతోందండి."

"క్రిందిస్థాయి గాలి పైస్థాయి అధికారిని నేరుగా సమీపించరాదని ఎరుగుదువా? దేనికైనా ప్రాపర్ ఛానల్ ఉండును."

"గొట్టం ఒకటే కదండీ, సార్."

సర్వోత్తమరావుగారికి 'నేను చేస్తాను' అనే మాట రాదు. ఆయన నోట ప్రతి పనీ దానంతట అదే చేయబడుతుంది. ఆరోజూ అలాగే సెలవిచ్చారు. "వినుము. ఇంకొక్క పర్యాయము మిరపకాయ ఈ ఛాంబరున ప్రవేశించినచో, కాంటీను మూసివేయబడును. నూకాలమ్మ పంపివేయబడును. ఫలహారములు ఫ్లాస్కులలో బయటినుండి తెప్పించబడును."

భార్య పాడేరు బళ్ళో టీచరు కావడంతో పరదేశి రెండు పూటల తిండీ నూకాలమ్మ చేతి మీదే వెళ్ళిపోతోంది. అది అలా ఉంచండి. నూకాలమ్మా, ఆమెతో పాటు రుబ్బేవాళ్ళూ, తోమేవాళ్ళూ, అందరి పొయ్యీ ఆ పొయ్యి మీదే వెలుగుతోంది.

"అలగైతే ఏటి సెయ్యమంటారు ఇంజినీరు బాబూ? మిరపకాయ ఏపకుండా పులిగోర ఎలగవుతాది? ఉప్పిండవుతాది!" అంది నూకాలమ్మ, గరిటె నడుముకి ఆనించుకుని. "ఆయనగారికి గాటు తగల్తే మాకు పొయ్యార్పేత్తారా?"

"నువ్వు పోపు ఆపకు నూకాలక్కా. దీనికో రేకు ముక్క చాలు, నేను చూస్తాను," అన్నాడు పరదేశి.

అతను చెప్పింది నిజమే. ఇంజనీర్ల భాషలో దాన్ని డాంపర్ అంటారు కానీ, చూస్తే అది బాత్‌రూం గొట్టంలో పైనుంచి వేలాడే పలచని రేకు, అంతే. బాత్‌రూం గాలి బయటికి తోస్తే ఆ రేకు లేచి దారి ఇస్తుంది. పొగ ఎదురొచ్చి తోస్తే వాలిపోయి తలుపు మూస్తుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, మనిషి అసలే అక్కర్లేదు. దేశంలో ఇంకెక్కడైనా అయితే మధ్యాహ్నం భోజనం లోపు బిగించేసేవారు. ఇది కార్యాలయ పద్ధతుల శిక్షణ కేంద్రం కాబట్టి ఎంపిక కమిటీ వేశారు.

కమిటీలో డైరెక్టరుగారు కాక ఇద్దరు. ఆడిట్ అధికారిణి త్రిపురాంబగారు. ఆవిడ సంతకం పెట్టేముందు కలాన్ని కూడా అనుమానంగా చూస్తుంది. రెండోవారు సిబ్బంది వ్యవహారాల అధికారి ప్రసాద్. మనిషి కనబడితే 'బాగున్నారా' అనడు, 'ఏ కేడర్' అంటాడు.

పరదేశి రేకు పనితనం అంతా విన్నవించుకుని, "దానంతట అదే తెరుచుకుంటుంది, దానంతట అదే మూసుకుంటుందండి," అని గర్వంగా ముగించాడు. శవం లేచి కూర్చుందని చెప్పినా కమిటీవాళ్ళు అంత ఉలిక్కిపడేవారు కాదు.

"దానంతట అదా? ఎవరి ఆజ్ఞతో?" అంది త్రిపురాంబ.

"ఆజ్ఞ ఎందుకండీ మేడమ్? గాలి తోస్తుంది కదా."

"గాలి ఆజ్ఞాపించు అధికారి కాదు కదా! తెరుచుట ఒక నిర్ణయం. మూయుట మరొక నిర్ణయం. నిర్ణయాధికారం ఆ రేకుకి ఏ ఉత్తర్వు ద్వారా దఖలు పరచబడింది?"

"ఈ భవనంలో నాకే లేదు!" అన్నాడు ప్రసాద్. ఆ ఒక్క మాట మాత్రం మనసులోంచి వచ్చింది.

చివరికి, రేకు పెట్టక తప్పదు గనుక, తక్కువ స్వతంత్రించే రేకును ఎంపిక చేయాలని తీర్మానమైంది. పరదేశి మూడు రకాలు తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు. ఒకటి పలచని అల్యూమినియం రేకు. రెండోది స్ప్రింగుతో మూసుకునే జంట రేకు. మూడోది దుకాణంవాడు మిగిలిపోయిందని అంటగట్టిన పోత ఇనుప పలక, ఏదో పాత బాయిలరు పొగగొట్టానిది. లెక్కకి మూడు ఉండాలి కదా అని దాన్నీ మోసుకొచ్చాడు. ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో గానీ, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఇంటర్వ్యూ మొదలైంది. డైరెక్టరుగారు టేబుల్ ఫ్యాను వేయించారు. అల్యూమినియం రేకు చటుక్కున లేచి నిలబడింది.

"తొందరపాటు మనిషి," అన్నాడు ప్రసాద్. "ఎవరు ఊదితే వారి మాట వినేట్టుంది."

స్ప్రింగు రేకు కాస్త ఆలోచించి, సగం తెరుచుకుని, కిర్రుమంది.

"ఇది బయటి ఒత్తిళ్ళకు లొంగుతోంది. పైగా సణుగుతోంది. ఆడిట్ పరంగా ఆక్షేపణీయం," అంది త్రిపురాంబ.

ఇనుప పలక ముందు ఫ్యాను పెట్టారు. స్పీడు పెంచారు. కాగితాలు ఎగిరాయి, డైరెక్టరుగారి జుట్టు చెదిరి లోపలి బట్టతల బయటపడింది. పలక ఉలకలేదు, పలకలేదు.

"ఆహా!" అన్నారు సర్వోత్తమరావుగారు, జుట్టు సర్దుకోవడం కూడా మర్చిపోయి. "ఏమి నిలకడ! సీనియర్ అధికారి లక్షణములు!"

"సార్, అది అసలు తెరుచుకోదండీ. తెరుచుకోడానికే కదా దాన్ని..."

"నాయుడూ, తెరుచుకొనకపోవుట వలన ఇంతవరకు ఏ అధికారీ సస్పెండు కాలేదు," అన్నారు డైరెక్టరుగారు. పలక ఏకగ్రీవంగా ఎంపికైంది.

పలక బిగించాక పొగ రాలేదు. నూకాలమ్మ మురిసిపోయి పరదేశికి రెండు గారెలు ఎక్కువ వేసింది. అయితే బయటికి పోవలసినదీ పోలేదు. డైరెక్టరుగారి బాత్‌రూంలో ఏది ఎప్పుడు జరిగినా దాని సమాచారం సాయంత్రం దాకా ఛాంబర్లోనే తిరుగుతూండేది. వచ్చినవాళ్ళు కుర్చీ చివర కూర్చుని, ముక్కు గోక్కుంటూ, రెండు మాటల్లో పని చెప్పుకుని పారిపోయేవారు. "ఈ మధ్య సందర్శకులు క్లుప్తత నేర్చుకొనిరి," అని డైరెక్టరుగారు మొదట సంతోషించారు. తర్వాత ఆయనకీ వాసన తగిలింది.

మళ్ళీ కమిటీ కూర్చుంది. పలక తప్పేమీ లేదని, దాన్ని తెరవమని ఎవరూ ఆజ్ఞాపించకపోవడమే లోపమని తేల్చారు. పలకకి ఒక తాడు కట్టి, ఆ తాడు కారిడార్లోకి తీసి, స్టూలు మీద బంగారయ్య అనే అటెండరును కూర్చోబెట్టారు. ఆజ్ఞ వస్తే లాగాలి, ఆజ్ఞ వస్తే వదలాలి. అటు నూకాలమ్మ పోపు వేసేముందు ప్రసాద్‌గారికి చీటీ పంపి, 'పలక మూయబడినది, పోపు వేసుకొనవచ్చును' అని జవాబు వచ్చాకే మిరపకాయ ముట్టుకోవాలి. పద్ధతి అంటే అదీ!

ఒక మధ్యాహ్నం డైరెక్టరుగారు బాత్‌రూంకి వెళ్తూ తెరవమని ఆజ్ఞ ఇచ్చారు. బంగారయ్య తాడు లాగి పట్టుకున్నాడు. కిందినించి పోపు చీటీ వచ్చింది. మూయమని ఆజ్ఞ ఇవ్వాలంటే, తెరవమన్న అధికారే ఇవ్వాలన్నాడు ప్రసాద్. తెరవమన్న అధికారి లోపల ఉన్నారు. తలుపు కొట్టి సంతకం అడగడం మర్యాద కాదు. చీటీ తలుపు ముందు వేచి ఉంది, బంగారయ్య తాడు పట్టుకుని వేచి ఉన్నాడు, ప్రసాద్ చేతులు కట్టుకుని వేచి ఉన్నాడు. కింద నూనె మాత్రం వేచి ఉండలేదు.

లోపలినుంచి మొదటి తుమ్ముకి బంగారయ్య "శ్రీరామ" అన్నాడు. తర్వాత వినిపించినవి తుమ్ములో, దగ్గులో, కేకలో ఎవరికీ తెలియలేదు. డైరెక్టరుగారు బయటికి వచ్చినప్పుడు కళ్ళు మిరపపళ్ళలా ఉన్నాయి, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టి ఉన్నాయి.

"సెప్పినాను కదేటి బాబూ చీటీలో!" అంది నూకాలమ్మ విచారణలో. "నూనె కాగిపోనాది. మీ టపా సంగతి నూనెకేటి తెలుస్తాది?"

పలక ఆజ్ఞ ప్రకారమే తెరిచి ఉంది. బంగారయ్య ఆజ్ఞ ప్రకారమే పట్టుకున్నాడు. ప్రసాద్ ఆజ్ఞ లేదు గనుక ఊరుకున్నాడు. తప్పు చేయనివాళ్ళందరినీ తీసేస్తే నూకాలమ్మ ఒక్కతే మిగిలింది. సోమవారం కమిషనరుగారి తనిఖీ ఉందనీ, ఆయన ముందు చిన్న పొగ తీగ కనబడినా మర్నాడే కాంటీనుకి తాళం వేయబడుననీ డైరెక్టరుగారు ప్రకటించారు. నూకాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఎప్పుడూ గయ్యిమనే మనిషి అలా నోరు మూసుకుని వెళ్ళడం చూసి పరదేశికి ఒళ్ళు మండింది.

ఆదివారం పొద్దున్నే, ఆఫీసులో పిట్ట కూడా లేని వేళ, అతను నిచ్చెన వేసుకుని ఫాల్సు సీలింగులోకి దూరాడు. ఇనుప పలక ఊడదీసి, ఇంటర్వ్యూలో తప్పిన అల్యూమినియం రేకును దాని చోట వేలాడదీశాడు. తాడు మాత్రం అలాగే ఉంచి, దాని చివర ఒక ఇటుక కట్టాడు. లాగేవాడికి బరువు తెలియాలి కదా, లేకపోతే ఉద్యోగం చేసిన తృప్తి ఉండదు. పలకను కిందికి దించితే, కాంటీను కడుక్కోవడానికి వచ్చిన నూకాలమ్మ చూసి, "నాకివ్వండి బాబూ, గాలికి సామాన్ల గది తలుపు కొట్టేసుకుంతంది, అడ్డెట్టుకుంతాను," అని పట్టుకుపోయింది.

సోమవారం కమిషనరుగారు వచ్చారు. డైరెక్టరుగారు ఛాంబర్లో కూర్చోబెట్టి, ఆజ్ఞ - తాడు - పలక విధానాన్ని ఒక పటం గీయించి వివరించారు. సముద్రపు గాలి లేచింది. పరదేశి కారిడార్లో చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. చూస్తే, స్టూలు మీద బంగారయ్య తాడు చేత్తో పట్టుకుని గుర్రు పెడుతున్నాడు. కింద పోపు చుయ్యిమంది. మిరపకాయ ఘాటు మెట్ల దగ్గర మెల్లగా తగిలింది. ఛాంబర్లోకి మాత్రం ఒక్క పోగు రాలేదు. కమిషనరుగారు బాత్‌రూంకి వెళ్ళి, ప్రసన్నవదనంతో తిరిగొచ్చి, ఇలాంటి విధానం రాష్ట్రమంతా ఉండాలని సెలవిచ్చి, పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నారు.

అంతటితో కథ కంచికి చేరేదే. కానీ త్రిపురాంబగారు ఊరుకుంటే కదా! బుధవారం ఆవిడ కమిటీ వేయించింది.

"తనిఖీనాడు పోపు వేయబడింది. మూయమని ఆజ్ఞ లేదు. కమిషనరుగారు బాత్‌రూం వాడారు. తెరవమని ఆజ్ఞ లేదు. బంగారయ్య నిద్రలో ఉన్నాడు. అయినా పొగ రాలేదు, వాసన నిలవలేదు. అంటే ఆజ్ఞ లేకుండా పని జరిగింది. ఇది చాలా తీవ్రమైన అక్రమం," అంది.

"పని జరగకపోతే సర్దుకోవచ్చు. పని జరిగితే ఎవరు జవాబుదారీ?" అన్నాడు ప్రసాద్, నిజంగానే భయపడి.

నిజం చెబితే రేకు పోతుంది, రేకుతో కాంటీను పోతుంది. చెప్పకపోతే ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కుతారు. ఏదైతే అయిందని పరదేశి గొంతు సవరించుకున్నాడు. "సార్, అసలు జరిగిందేమిటంటే..."

"జరిగినది నాకు బోధపడినది," అన్నారు సర్వోత్తమరావుగారు, చెయ్యెత్తి ఆపుతూ. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ఇది శిక్షణ కేంద్రము. ఇన్నాళ్ళు ఆజ్ఞానుసారము తెరువబడి, మూయబడి, ఆ పలక శిక్షితమైనది! అధికారి మనసు ముందే గ్రహించి నడుచుకొనుచున్నది. మన ఉద్యోగులకు ముప్పై ఏళ్ళకు గాని అబ్బని గుణము!"

త్రిపురాంబ కలాన్ని చూసింది, పలకను తలుచుకుంది, తల ఊపింది. శిక్షణ వల్ల జరిగింది అక్రమం కాదని రాసుకుంది. పలకకి శిక్షణ పూర్తి చేసినట్టు ధ్రువపత్రం ఇవ్వాలని తీర్మానించి, అట్టకి అంటించి, ఛాంబర్ గోడకి తగిలించారు. ఎవరూ నిచ్చెన ఎక్కలేదు. పరదేశి ఊపిరి పీల్చుకున్నాడు.

పీల్చింది వదిలేలోగా ప్రసాద్ వచ్చాడు.

"నాయుడూ, శుభవార్త. శిక్షణ పూర్తయిన వారిని ఇక్కడ ఉంచుకోవడానికి రూల్సు ఒప్పుకోవు. కమిషనరుగారు మన పలకని హెడ్డాఫీసుకి బదిలీ చేశారు. శుక్రవారం రిలీవ్ చెయ్యాలి. ఊడదీసి సభకి తీసుకురా."

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. పరదేశి కాంటీనుకి వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాడు. రేకు వెళ్ళిపోతే శుక్రవారం మధ్యాహ్నానికి పొగ, శనివారానికి తాళం. నూకాలమ్మకి ఎలా చెప్పాలో తెలియక నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు పోయి పోయి, సామాన్ల గది తలుపుకి అడ్డంగా, పిండి మరకలతో, బియ్యపు బస్తాకి ఆనుకుని విశ్రాంతి తీసుకుంటున్న ఇనుప పలక మీద పడింది.

అతను లేచి నిలబడ్డాడు. కమిటీ ఎంపిక చేసింది ఏది? ఇదే. కాగితాల్లో ఉన్నది ఏది? ఇదే. ధ్రువపత్రం ఎవరిది? దీనిదే. పైన వేలాడుతున్నదానికి ఈ భవనంలో పేరూ లేదు, పోస్టూ లేదు!

"నూకాలక్కా, చింతపండు ఉందా? దీన్ని తళతళలాడేట్టు తోమాలి!"

"తలుపుకేటి అడ్డెట్టుకోను మరి?"

"ఇటుకో రాయో చూసుకో తల్లీ. నీ కాంటీను ఉంటుంది, అది చాలదా?"

నూకాలమ్మ అతని మొహం చూసింది, పలకని చూసింది, పైన గొట్టాన్ని చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వి, తనే తోమడానికి కూర్చుంది.

శుక్రవారం ఛాంబర్లోనే వీడ్కోలు సభ. పలకను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు, బంతిపూల దండ వేశారు. బంగారయ్య దానికి దణ్ణం పెట్టి నిజంగానే ఏడ్చాడు. అంత నిదానమైన పై అధికారి అతనికి మళ్ళీ దొరకడు మరి. "ఎన్ని గాలులు వీచినను చలింపని మహనీయురాలు," అని డైరెక్టరుగారు అందుకున్నారు. "స్వయముగా ఏమియు చేయక, సర్వమును చేయించినది. మనకందరికీ ఆదర్శము!" చప్పట్లు మోగాయి. కింద పులిహోర పోపు చుయ్యిమంటున్న సంగతి ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. ముక్కుకీ తెలియలేదు.

చివర ప్రసాద్ లేచి ఉత్తర్వు చదివాడు. "పలకగారి బదిలీ వలన ఏర్పడిన ఖాళీ భర్తీ అగువరకు, సదరు పలక విధులను అసిస్టెంట్ ఇంజనీరు పరదేశినాయుడు అదనపు బాధ్యతగా స్వయముగా నిర్వర్తించవలెను."

"అంటే ఏటి బాబూ?" అని నూకాలమ్మ పులిహోర వడ్డిస్తూ అతని చెవిలో అడిగింది. "ఇకమీద తమరే రేకా?"

"అలాగే ఉంది నూకాలక్కా."

"అయితే బేగి తినీండి. గాలేళ అవుతంది, డూటీ ఎక్కాలి కదా!"

సముద్రపు గాలి లేచింది. కిటికీ తెరలు ఎగిరాయి, పలక మెడలో దండ ఊగింది, పలక ఊగలేదు. పైన సీలింగు వెనకాల, గొట్టంలో, పలచగా 'టక్'మని ఏదో మూసుకుంది.

సర్వోత్తమరావుగారు తల పైకెత్తి, "ఎవరది?" అన్నారు.

పరదేశి పులిహోర ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"నేనేనండి," అన్నాడు.